కుదుపు రెండు దాటరాదు

మంగళవారం ఉదయం ఎనిమిదీ నలభైకి కిల్లో దాసు కిక్కు కొట్టాడు. బైకు స్టార్టయింది. సరిగ్గా అదే క్షణంలో అతని ఉద్యోగం ప్రమాదంలో పడింది. ఆ సంగతి అతనికింకా తెలీదు.

“ఆగవయ్యా దాసూ! ఆగు!”

ఆఫీసు మెట్ల మీద నుంచి సూపరింటెండెంట్ రాజ్యలక్ష్మి పరుగులాంటి నడకతో వస్తోంది. ఆమె ఒక చేతిలో అగ్గిపెట్టెంత నల్లటి కెమెరా ఉంది. రెండో చేతిలో నాలుగు పేజీల సర్క్యులర్ ఉంది.

“ఇవాళ్టి నుంచి నువ్వెళ్లే దారంతా ఇందులో రికార్డవ్వాలట. డైరెక్టర్ గారి ఉత్తర్వు.”

“దారి రికార్డు చేసి ఏటి చేస్తారు మేడం? అక్కడ దారే లేదు కదా?”

“ఆ ప్రశ్న నన్నడక్కు. సర్క్యులర్లో లేదు.”

దాసుది కొండప్రాంత సంచార ఔషధ విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగం. దేవరగెడ్డలోని ఈ ఆఫీసు నుంచి రోడ్డు లేని ఊళ్లకి బైకు మీద మందులు చేరవెయ్యాలి. అన్నిటికన్నా పైనున్న ఊరు జీలుగుపుట్టు. పద్నాలుగు కిలోమీటర్లు. మధ్యలో మూడు కొండవాగులు, అక్కడి మాటలో గెడ్డలు, ఒక బండమెట్ట, మిగతాదంతా రాళ్లు. ఎనిమిదేళ్లలో దాసు ఆ దారిలో పదకొండుసార్లు పడ్డాడు. మందుల పెట్టె ఒక్కసారి కూడా పడలేదు.

ఇప్పుడు వచ్చిన ఉపద్రవానికి మూలం రెండు నిమిషాల ముప్ఫై సెకన్ల వీడియో. పది రోజుల కిందట డైరెక్టర్ పరాంకుశం గారు ఒక పెళ్లిలో రెండో బంతి కోసం ఎదురుచూస్తూ, పక్కనున్నాయన ఫోన్లో దాన్ని చూశారు. ఎవరో కుర్రాడు బైకు మీద కొండలెక్కుతున్నాడు, వాగులు దూకుతున్నాడు. కెమెరాని బైకుకే బిగించాడు కాబట్టి, చూసేవాళ్లకి తామే నడుపుతున్నట్టుంటుంది. పరాంకుశం గారు దాన్ని నాలుగుసార్లు చూశారు. ఈలోగా రెండో బంతి అయిపోయింది, మూడో బంతీ అయిపోయింది. ఆయన సర్వీసులో అప్పటిదాకా ఎక్కిన అతి ఎత్తైన ప్రదేశం ఆఫీసు రెండో అంతస్తు.

వారం తిరక్కుండా సర్క్యులర్ తయారైంది.

“క్షేత్రస్థాయి సంచారమునందు పారదర్శకతను ఇనుమడింపజేయు నిమిత్తము, దృశ్యాధారము లేని ప్రయాణమును ఇకపై ప్రయాణముగా పరిగణింపరాదు. సదరు దృశ్యమునందు కుదుపు రెండు పాయింట్లు దాటరాదు. వరుసగా మూడు దృశ్యములు తిరస్కరింపబడిన యెడల ఉద్యోగి సేవలు వాటంతటవే ముగిసినట్లు భావింపవలెను.”

దాసు చివరి వాక్యం రెండుసార్లు చదివాడు.

“మేడం, నా మందుల ఐసుపెట్టె మూత పగిలి రెండేళ్లయింది. కొత్త మూత అడుగుతూ ఏడు కాగితాలు పెట్టాను. దారం కట్టి తిప్పుతున్నాను. ఉదయం ఐసు పెడితే పన్నెండింటికల్లా నీళ్లయిపోతంది. మూత రాలేదు గానీ కెమెరా వారానికే వచ్చీసిందా?”

“మూత స్టోర్సు విభాగం. కెమెరా పారదర్శకత విభాగం. రెండూ కలిపి మాట్లాడకు,” అని రాజ్యలక్ష్మి కెమెరాని హ్యాండిల్‌కి బిగించింది. అంతలో ఆమెకి ముఖ్యమైన విషయం గుర్తొచ్చింది. ఆ ఆఫీసులో కొత్తగా వచ్చిన జీపుకైనా, జిరాక్సు మెషీనుకైనా, గోడ గడియారానికైనా పూజ లేకుండా పని మొదలుపెట్టిన చరిత్ర లేదు.

అటెండరు కొబ్బరికాయ కొట్టాడు. బైకు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. రాజ్యలక్ష్మి కెమెరాకి పసుపు రాసి, కుంకుమ తీసుకుని, బొట్టెక్కడ పెట్టాలా అని ఒక్క క్షణం వెతికింది. అగ్గిపెట్టెంత వస్తువు. ముందువైపు మొహంలా కనిపించే చోటు ఒక్కటే ఉంది. గుండ్రంగా, అద్దంలా మెరుస్తూ, సరిగ్గా నడిమధ్యలో.

భక్తిగా, నిండుగా, అక్కడే పెట్టింది.

*

శుక్రవారం నగరంలోని దృశ్య పరిశీలన కేంద్రం నుంచి నివేదిక వచ్చింది. రాజ్యలక్ష్మి దాసుని పిలిచి చదివి వినిపించింది.

“ప్రయాణకాలము రెండు గంటల పది నిమిషములు. ఈ మొత్తము కాలమునందు దృశ్యములో సూర్యోదయము జరుగుచునే యున్నది. ఎర్రని సూర్యబింబము తన స్థానము నుండి కించిత్తు కూడా చలించలేదు. సూర్యుడు చలించలేదనగా కాలము గడవలేదని గాని, ఉద్యోగి కదలలేదని గాని అర్థము. కాలము గడిచినట్లు కేంద్రములోని గడియారము ధ్రువీకరించుచున్నది. కావున ఉద్యోగి కదలలేదు. తిరస్కరించడమైనది.”

“మేడం, అది సూర్యుడు కాదు. మీరెట్టిన బొట్టు.”

రాజ్యలక్ష్మి గతుక్కుమంది. తర్వాత గొంతు తగ్గించింది. “అలాగని రాసిపంపితే, ప్రభుత్వ పరికరం మీద కుంకుమ ఎవరు పెట్టారంటారు. నా మీద ఎంక్వయిరీ పడుతుంది. ఇంకా రెండు అవకాశాలున్నాయిగా నీకు. సూర్యుడనే ఉండనియ్యి.”

“మరి నేనెల్లినట్టు జీలుగుపుట్టు నర్సు సొంబారి రిజిస్టర్లో సంతకం పెట్టింది. ఆ మందులు ఊళ్లోవోళ్లు మింగీసినారు కూడాను.”

“మింగినట్టు వీడియో ఉందా?”

లేదు. దాసు కెమెరా తుడుచుకుని వెళ్లిపోయాడు.

రెండో మంగళవారం అద్దం తళతళలాడుతోంది. దారి స్పష్టంగా పడింది. అదే కొంప ముంచింది. హ్యాండిల్‌కి బిగించిన కెమెరా ఇంజను వణుకునీ రాళ్ల దెబ్బలనీ ఒక్కటీ వదలకుండా పట్టుకుంది. కుదుపు రెండు దాటకూడదు కదా, తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. ఆగడానికి కారణం, కేంద్రంలోని కొలబద్ద అంతవరకే ఉండటం.

ఈసారి నివేదిక క్లుప్తంగా ఉంది. “పరిశీలకులలో ఒకరికి ఇరువదవ నిమిషమునందు, మరొకరికి ఇరువది రెండవ నిమిషమునందు వాంతులైనవి. మూడవవారు చూచుటకు నిరాకరించినారు. దారి కదలకుండునట్లు క్షేత్రస్థాయిలో తగు ఆదేశములు జారీ చేయవలెను. తిరస్కరించడమైనది.”

ఇక మిగిలింది ఒక్కటే. మూడోది కూడా పోతే దాసు ఇంట్లో కూర్చోవాలి. అతని బదులు ఆ బండమెట్ట ఎక్కడానికి ఇంకెవరూ దరఖాస్తు పెట్టరన్న సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. పైగా రాబోయేది నెలలో మూడో మంగళవారం. అది టీకాల రోజు. జీలుగుపుట్టులో పన్నెండుమంది పసిపిల్లలు వరసలో ఉన్నారు.

*

సోమవారం పరాంకుశం గారు స్వయంగా దేవరగెడ్డ దిగారు. మీటింగు హాల్లో దాసుని మధ్యలో నిలబెట్టారు. అంశం ఒక్కటే: కెమెరాని ఎక్కడ బిగించాలి?

“సార్, నాకు తోచింది చెప్తాను,” అన్నాడు దాసు. “బైకుకి కడితే కుదుపంతా దానికే. మడిసికి కడితే కొంత తగ్గుద్ది. రాళ్లొచ్చినప్పుడు మేం సీటు మీద కూకోం, ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడతాం. మోకాళ్లూ మోచేతులూ దెబ్బని మింగీస్తాయి. పట్టీలేసి గుండెల మీద కట్టండి సార్. చెయ్యీ దారీ రెండూ పడతాయి.”

ఆ గదిలో ఆ రోజు వినిపించిన పనికొచ్చే మాట అదొక్కటే. అందుకే దాన్ని ముందుగా పరిశీలించారు.

“గుండె మీద గుర్తింపు కార్డు ఉండాలి,” అన్నారు పరాంకుశం గారు. “గుర్తింపు కార్డును ఏ వస్తువూ కప్పరాదని నాదే ఉత్తర్వు. ఆ ఏడాదికి ఉత్తమ ఉత్తర్వుగా ఎంపికైంది కూడా. తర్వాత?”

“హెల్మెట్ మీద పెడదామా సార్?” అంది రాజ్యలక్ష్మి.

“హెల్మెట్ నుదుటి మీద శాఖ చిహ్నం ఉందిగా? చిహ్నం మీద కెమెరా కూర్చోబెడితే శాఖ నెత్తిన కూర్చోబెట్టినట్టే.”

“గడ్డం దగ్గర పెట్టుకుంటారంట సార్ కొందరు.”

“నోటికి అడ్డం వస్తుంది. నేను ఫోన్ చేస్తే ‘సార్’ అనడం నాకు స్పష్టంగా వినపడాలి.”

“అక్కడ ఫోన్ సిగ్నలే లేదు సార్,” అన్నాడు దాసు.

“సిగ్నల్ వచ్చిన రోజున? ప్రభుత్వం ముందుచూపుతో ఉండాలయ్యా.”

భుజాల మీద సంచి పట్టీలున్నాయి. వీపు మీద సంచి ఉంది. నడుముకి రెయిన్‌కోటు. ట్యాంకు మీద ఐసుపెట్టె. మోకాలి దగ్గర కడితే గెడ్డ దాటేటప్పుడు నీళ్లలో మునుగుతుంది. అటెండరు టేపు పట్టుకుని దాసు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పన్నెండున్నరకి సమావేశం ఏకగ్రీవంగా ఒక నిర్ధారణకొచ్చింది: సదరు ఉద్యోగి శరీరమునందు ఖాళీ స్థలము లేదు.

“అంటే కెమెరా దాసు మీద ఉండకూడదు. బైకు మీదా ఉండకూడదు,” అన్నారు పరాంకుశం గారు నెమ్మదిగా, గొప్ప నిజానికి దగ్గరవుతున్నవారిలా. “కానీ వెంట ఉండాలి. కుదుపు లేకుండా ఉండాలి. ఆ కొండల్లో కుదుపు లేకుండా ప్రయాణించేది ఏదైనా ఉందా?”

రాజ్యలక్ష్మి నోరు జారింది. “డోలీ ఒక్కటే ఉంది సార్. నిండు చూలాలిని పడుకోబెట్టి దింపినా తొణకనివ్వరు వాళ్లు.”

పరాంకుశం గారి కళ్లు మెరిశాయి.

పది నిమిషాల్లో ఉత్తర్వు టైపయింది. డోలీ అన్న మాట మొరటుగా ఉంటుందని “మానవ చాలిత స్థిర దృశ్య వేదిక” అని రాశారు. బైకు ముందు వెళ్లాలి. వేదిక వెనక రావాలి. బైకు ఏ క్షణంలోనూ వేదికకి పది అడుగులు దాటి పోరాదు.

*

మంగళవారం ఏడున్నరకల్లా జీలుగుపుట్టు నుంచి నలుగురు మనుషులు దుంగకి దుప్పటి కట్టిన డోలీతో దిగారు. వాళ్లతో నర్సు పాంగి సొంబారి కూడా దిగింది. సొంబారిది ఆ ఊరే, ఉద్యోగమూ ఆ ఊళ్లోనే. డోలీ కావాలని ఆఫీసు కబురు పెడితే, ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని చీకట్లోనే బయల్దేరి వచ్చింది.

“ఏడీ? పేషంటేడీ?” అంది చెమట తుడుచుకుంటూ.

దాసు అగ్గిపెట్టెంత కెమెరాని చూపించాడు.

సొంబారి దాన్ని చూసింది. దాసుని చూసింది. డోలీ మోసేవాళ్లలో పెద్దవాడైన బొంజుబాబు ముందుకొచ్చి కెమెరాని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

“ఏటి దాసూ, దీనికి జొరమా?”

“కుదుపు పడదంట బాబాయ్.”

“పురిటి నొప్పులొచ్చినోళ్లని మేం కిందకి మోస్తాం. దీన్ని పైకి మొయ్యాలా? పైన దీనికి ఎవులున్నారు?”

“నవ్వకండి బాబాయ్. ఇది తేడా వస్తే నా ఉజ్జోగం ఊడిపోద్ది.”

నవ్వు ఆగిపోయింది. బొంజుబాబు తన తువ్వాలు మడిచి, దుప్పట్లో దిండులా అమర్చి, కెమెరాని దాని మీద జాగ్రత్తగా పడుకోబెట్టాడు. పడకుండా తాడు చుట్టాడు. “లెగండ్రా, పెద్దమడిసి డోలీ ఎక్కాడు,” అన్నాడు. ఊరేగింపు కదిలింది.

మోటారు బైకు అనే యంత్రాన్ని మనిషి నడక వేగంతో కొండెక్కించడం ఎంత కష్టమో దాన్ని తయారుచేసినవాళ్లకి కూడా తెలిసుండదు. ఫస్టు గేరు, సగం క్లచ్చు, రెండు కాళ్లూ నేల మీద. పది అడుగులు పోవడం, ఆగడం, వెనక్కి తిరిగి కెమెరా ఎర్రలైటు చూసుకోవడం. మొదటి గెడ్డ దాటేసరికి తొమ్మిది. ఇంజను కాలిపోతున్న వాసన. రెండో గెడ్డ దాటేసరికి పదీ పది.

ట్యాంకు మీది ఐసుపెట్టె పగిలిన మూత సందులోంచి నీళ్లు కారడం మొదలైంది.

బండమెట్ట దగ్గరకి చేరేసరికి పదకొండు. బాగా ఏటవాలుగా లేచిన నల్లరాతి పలక, ఎనభై అడుగుల పొడవు. దాన్నెక్కడానికి ఒక్కటే పద్ధతి. దూరం నుంచి సెకండు గేర్లో ఊపందుకుని వచ్చి, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, పైదాకా ఎక్కడా ఆక్సిలరేటర్ వదలకుండా పోవడం. పది అడుగులకోసారి ఆగితే బైకు వెనక్కి దొర్లుతుంది.

సొంబారి ఐసుపెట్టె దారం విప్పి లోపల చెయ్యి పెట్టి చూసింది. ఆమె మొహం మారింది.

“గంట. మహా అయితే గంట. తర్వాత ఈ టీకాలు పారబొయ్యాలి. మళ్లీ వచ్చీ నెలే.”

దాసు మెట్ట వైపు చూశాడు. డోలీ వైపు చూశాడు. దుప్పట్లో తువ్వాలు మీద పడుకుని కెమెరా అతన్నే చూస్తోంది. ఎర్రలైటు మిణుకుమిణుకుమంటోంది. వేగంగా వెళితే దాని చూపు దాటిపోతాడు. చూపు దాటితే మూడో తిరస్కరణ. ఇద్దరు పిల్లల చదువు, తల్లి కంటి ఆపరేషను ఆ ఎర్రలైటు మీదే ఉన్నాయి.

“అక్కా, నేనిప్పుడు పోతే రేపట్నించి నాకు పని లేదు.”

“నాను పొమ్మని అన్ను. ఉండమనీ అన్ను,” అంది సొంబారి. “పన్నెండుమంది తల్లులు పొద్దున్నించి పనులు మానుకుని అంగన్‌వాడీ కాడ కూకున్నారు. ఆళ్లకేటి చెప్పమంటావో అది చెప్పు, నాను చెప్తాను.”

దాసు ఐసుపెట్టెకి దారం మళ్లీ కట్టేశాడు. హెల్మెట్ పట్టీ బిగించాడు. బైకు వెనక్కి తిప్పి నలభై అడుగులు కిందికి పోయాడు.

“అక్కా, నువ్వు అడ్డదారిన ఎక్కీ. పైన ఆగుతాను.”

ఇంజను గర్జించింది. డోలీ పక్కనుంచి, కెమెరా ముందునుంచి, బైకు బాణంలా దూసుకుపోయింది. బండ మధ్యలో వెనక చక్రం జారింది. దాసు ఒళ్లంతా ముందుకి వాల్చాడు. చక్రం పట్టు దొరకబుచ్చుకుంది. మరుక్షణం మెట్ట మీద పొగ మాత్రమే మిగిలింది.

బొంజుబాబు తాపీగా చుట్ట వెలిగించాడు. “మన పేషంటుని మనం మోద్దాం రండ్రా. ఈ పెద్దమడిసికి తొందరేటి లేదు.”

పదకొండూ నలభైకి సొంబారిని వెనక ఎక్కించుకుని దాసు జీలుగుపుట్టు చేరాడు. పెట్టెలో ఐసు ఉసిరికాయంత మిగిలింది. పన్నెండూ పదికి పన్నెండో బిడ్డ గుక్కపట్టి ఏడిచింది.

కెమెరా సాయంత్రం నాలుగింటికి చేరింది.

*

శుక్రవారం దాసు బైకు తాళాలు, హెల్మెట్, గుర్తింపు కార్డు ఒక సంచిలో వేసుకుని ఆఫీసుకొచ్చాడు. అడగకముందే ఇచ్చెయ్యడం మర్యాదని అతని ఉద్దేశం. లోపల పరాంకుశం గారు కేంద్రం నివేదిక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. కూర్చుని చదవలేకపోయారట.

“కుదుపు ఒకటీ పాయింటు ఆరు,” అన్నారు. “రాష్ట్రంలో ఇదే ప్రథమం. వినండి రాజ్యలక్ష్మి గారూ.”

“దృశ్యము అత్యంత స్థిరముగా, నేత్రపర్వముగా నున్నది. మోయువారి కూనిరాగము నేపథ్యమున శ్రావ్యముగా వినవచ్చుచున్నది. సెలవులోనున్న పరిశీలకులిద్దరును తిరిగి విధులలో చేరినారు. అయితే ఒక లోపము. మొదటి మూడు గంటలపాటు దృశ్యమునకు అడ్డముగా ఒక మోటారు సైకిలు పొగ వదలుచు సంచరించినది. మూడవ గంట అనంతరము సదరు వాహనము తనంతట తానే తొలగిపోయినది. అప్పటినుండి నాణ్యత గణనీయముగా మెరుగుపడినది. ఇకపై మోటారు సైకిలు ప్రయాణ దృశ్యములయందు మోటారు సైకిలు కనిపించకుండునట్లు చర్యలు గైకొనవలెను. ఆమోదించడమైనది.”

దాసు సంచి పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయాడు.

“చూశారా?” అన్నారు పరాంకుశం గారు. “దృశ్య కాలుష్యానికి మూలకారణం బైకు. మనం ఇన్ని రోజులూ గమనించనేలేదు.”

“నిజమే సార్,” అంది రాజ్యలక్ష్మి. ఆమె కళ్లు గుమ్మం వైపు పోయి, దాసు చేతిలోని సంచి మీద ఆగాయి. కొంచెంసేపు పెన్ను క్యాపు తీసి పెట్టింది, మళ్లీ తీసింది. “అయితే సార్, మంగళవారాలు దాసు కెమెరాకి ఎక్కడా కనబడకూడదని ఉత్తర్వు రాయమంటారా?”

“తప్పకుండా. కెమెరాకే కాదు, కెమెరా పోయే దారిలో కూడా కనబడకూడదు. దానికన్నా ముందే ఎటైనా వెళ్లిపోవాలి.”

“ఎంత ముందు సార్?”

“వీలైనంత ముందు. ఉదయమే.”

“బైకుతోనా సార్?”

“బైకు ఇక్కడ వదిలితే ఎవరి కంటైనా పడుతుంది. బైకుతో సహా వెళ్లాలి.”

“మరి కాంట్రాక్టు సార్?”

పరాంకుశం గారు గంభీరంగా ఆలోచించారు. “కనబడకుండా ఉండటమూ ఒక విధేనమ్మా. అందరి వల్లా అయ్యేది కాదు. మూడేళ్లకి పొడిగించండి.”

రాజ్యలక్ష్మి అప్పటికే రాసేస్తోంది.

*

తర్వాతి మంగళవారం ఆరింటికే బయల్దేరిన దాసు ఎనిమిదింటికి జీలుగుపుట్టులో ఉన్నాడు. పెట్టెలో ఐసు గడ్డగానే ఉంది. కింద ఎక్కడో మొదటి గెడ్డ దగ్గర, కెమెరా తన తువ్వాలు మీద పడుకుని కొత్త వారపు ప్రయాణం మొదలుపెట్టి ఉంటుంది.

సొంబారి ఊళ్లోని ఆరోగ్య సబ్‌సెంటర్ తాళం తీస్తూ అతన్ని చూసి ఆశ్చర్యపోయింది.

“ఏటి తమ్ముడూ? పని ఉందా, ఊడిందా?”

“ఉంది. మూడేళ్లు పొడిగించినారు. ఇదిగో ఆర్డరు.” దాసు జేబులోంచి కాగితాలు తీశాడు. “నాను ఎవులికీ కనబడకూడదంట. బైకూ కనబడకూడదంట. పొద్దున్నే ఎటైనా పోవాలంట.”

“మరి మందులో?”

“మూడు పేజీలూ రెండుసార్లు సదివానక్కా. మందుల మాట ఎక్కడా లేదు. మర్చిపోయినట్టున్నారు.”

సొంబారి గబుక్కున తలుపు బార్లా తీసింది. రెండు చేతులూ చాపి పెట్టె అందుకుంది.

“ఇలా తే, తొరగా. ఆళ్లకి గుర్తొచ్చీలోగా పంచీద్దాం.”